కొక్కెం

నవంబరు ఆఖరి శనివారం రాత్రి
తొమ్మిదో ఓటమి తడిసిన చొక్కాల్ని
నేను మెషిన్లో వేస్తుండగానే
కోచ్ డ్వేన్ ఆస్ట్‌బీని తీసేశారు.
పార్కింగు స్థలంలో, మంచు పడుతుంటే,
రెండు నిమిషాల్లో.
అతని టోపీ మాత్రం
నా సామాన్ల గది తలుపు వెనక కొక్కేనికి
ఇంకా వేలాడుతోంది.

కొత్తవాణ్ణి వెతకడానికి ఏడుగురం.
ఇద్దరు ట్రస్టీలు, డైరెక్టరు, ఒక కెమిస్ట్రీ ప్రొఫెసరు,
ధాన్యం గిడ్డంగుల హాల్వర్ రుస్టాడ్,
స్కోరుబోర్డు మీద స్కోరు కన్నా అతని పేరే పెద్దది.
ఆటగాళ్ళ తరఫున కెప్టెన్ ఇసయా,
నోరు విప్పితే ఒట్టు.
సిబ్బందిలో ఒకరుండాలనే నియమం కోసం
నేను, వెర్నాని,
ఇరవై ఆరేళ్ళుగా ఈ పిల్లల చెమట ఉతుకుతున్నదాన్ని.

అచ్చం పెళ్ళిచూపులే.
అదే ఇస్త్రీ, అదే నవ్వు,
కాఫీ కప్పు కింద పెట్టేటప్పుడు అదే చిన్న వణుకు.

మొదటివాడి మాటలు కోటలు దాటాయి.
తెర మీద బాణాలు, సున్నాలు, ఇంటూ గుర్తులు.
'కుటుంబం' అన్నాడు పద్నాలుగు సార్లు.
కాగితపు రుమాలు మీద గీతలు గీసి లెక్కపెట్టాను.
రుస్టాడ్ పద్నాలుగుసార్లూ తలూపాడు.

రెండోవాడు పెద్ద యూనివర్సిటీ నుంచి.
అక్కడ బంతి ఎలా పట్టుకోవాలో నేర్పే నలుగురిలో నాలుగోవాడు.
విమానాశ్రయం ఎంత దూరమన్నాడు.
నూట ముప్ఫై మైళ్ళంటే
కిటికీలోంచి బయటికి చూశాడు.
బయట ఏముంది, తెలుపు.
ఆకాశం ఎక్కడ మొదలవుతుందో
ఇక్కడే పుట్టిన మాకే తెలీదు.

మూడోవాడు మార్సెల్ టిబడో.
లూసియానా మనిషి, చలికి పనికిరాని బూట్లు.
గంట ముందే వచ్చి
మెట్లు దిగి నా గదిలోకి తొంగి చూశాడు.
అడక్కుండా ఒక హెల్మెట్ తీసి
లోపలి మెత్తను బొటనవేలితో నొక్కాడు.
అది మళ్ళీ పైకి లేవలేదు.
"ఎవరిది?"
"అరవై ఒకటి," అన్నాను.
అంతకు మించి అనలేదు.
అక్టోబరులో ఆ పిల్లవాడు
మైదానం అంచుకొచ్చి ఇవాళ ఏ వారమని అడిగాడనీ,
ఆస్ట్‌బీ భుజం తట్టి మళ్ళీ లోపలికి పంపాడనీ
నేను చెప్పలేదు.
నేనప్పుడు తువ్వాళ్ళు మడతపెడుతున్నాను.

పైన గదిలో
మనల్ని గెలిపిస్తావా అన్నాడు రుస్టాడ్.
"తెలీదు" అన్నాడు మార్సెల్.
ఆ తర్వాత, "అరవై ఒకటో నంబరు అబ్బాయి
ఎలా ఉన్నాడు?"
ఏడుగురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.
"వెలుతురు చూడలేకపోతున్నాడు," ఇసయా గొంతు.
"నోట్సు నేనే రాసిపెడుతున్నా."
ప్రొఫెసరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది,
మళ్ళీ తుడుచుకుంది.

నా చేయి ఎత్తాల్సిన వేళకి
నాకో పాడు అనుమానం.
ఈ ప్రశ్న ఇతను
ప్రతి కాలేజీలోనూ అడుగుతాడేమో?
హెల్మెట్లు నొక్కడం కూడా ఒక విద్యేమో?
ఇరవై ఆరేళ్ళు, ఐదుగురు కోచ్‌లు.
మొదటిరోజు ఐదుగురూ నా పేరడిగి గుర్తుపెట్టుకున్నవాళ్ళే.
ఆస్ట్‌బీ అయితే
మా అమ్మ పోయినప్పుడు చర్చికొచ్చి
చివరి వరసలో నిలబడ్డాడు.
ఆ చేయే, ఆ భుజం తట్టిన చేయే
నా చేతిని పట్టుకుంది.

చేయి ఎత్తాను. ఎవరికో చెప్పను.
లెక్క తేలేదాకా ఉండలేదు.
కిందికొచ్చి
అరవై ఒకటో హెల్మెట్‌ని చెత్తడబ్బాలో వేశాను.
తీశాను. అంకె మీద టేపు పీకి, మళ్ళీ వేశాను.
కొక్కెం మీది టోపీ దించి చూస్తే
అంచు లోపల ఉప్పు చారలు,
ఒకదాని మీద ఒకటి, నాలుగు సీజన్లవి.
గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టాను.
ఉతికి పోస్టులో పంపుతాను,
చిరునామా దొరికితే.

పైన కుర్చీలు జరుపుతున్న చప్పుడు.
ఎవరో నవ్వారు.
కొత్త టోపీకి ఈ శుక్రవారంలోగా ఆర్డరివ్వాలి,
తల కొలత ఎంతో
ఇంకా ఎవరూ వచ్చి చెప్పలేదు.