శివారు కాళ్ళు

తెల్లారగట్ల నాలుగూ పది.
మొగల్తూరు కాలవగట్టు మీద గాలి
తడిగుడ్డలా మొహానికి అంటుకుంటుంది.
ఒక్క అడుగైనా వెయ్యలేదు,
బనీను అప్పుడే వీపుకి అతుక్కుపోయింది.

జకరయ్య మాస్టారు నా నాలుక కింద థర్మామీటరు పెడతారు.
జ్వరం లేని పిల్లకి రోజూ జ్వరం చూసే మనిషి
ఈ చుట్టుపక్కల ఆయనొక్కరే.
టార్చిలైటు వెలుగులో నోటుపుస్తకంలో రాస్తారు:
తొంభై ఏడూ ఎనిమిది.
"ఇక్కణ్ణించి ఎక్కేదంతా అప్పే. చూసి వాడుకో."

నేను ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు లెక్కేస్తాను.
పొట్టు, అమ్మోనియా వాసన, రొయ్యల లారీలు.
మర ఐసు నూరేటప్పుడు
తుంపర మీద పడేచోట నిలబడతాను,
ఓనరు చూడనంతసేపు.

పోయినేడు మార్చి ఆఖర్న
నరసాపురంలో పదికిలోమీటర్ల పందెం.
ఏడో రాయి దాటాక
ఎండలో నాకు చలేసింది.
చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి.
పక్క చెరువులో ఏరేటర్లు తిరుగుతున్నాయి,
ఆ చప్పుడు దూరమై, దగ్గరై,
ఎవరో నన్ను పేరుపెట్టి పిలిచినట్టయింది.
ఆ తరవాత గుర్తున్నది బిందెడు నీళ్ళు,
నూట మూడూ నాలుగు అన్న ఒక గొంతు.

రక్తం తక్కువ, బీటుదుంప తినమంది మా వదిన.
ఎండ పడని ఒళ్ళన్నారు షెడ్డులో.
మాస్టారు ఏమీ అనలేదు,
సైకిలెక్కించుకుని లాకుల దగ్గరికి తీసుకెళ్ళారు.

దాళ్వా రోజులు. వంతులు నడుస్తున్నాయి.
లస్కరు గనిరాజు గారు తలుపు దించుతూ అన్నారు:
"శివారు రైతులు రాత్రిపూట వచ్చి తిట్టిపోతారండి.
ఉన్న నీళ్ళే కదా నేనిచ్చేది!"

తిరిగొచ్చేటప్పుడు
సైకిలు గొలుసు ఊడింది.
దాన్ని ఎక్కిస్తూ, నల్లటి వేళ్ళతో, మాస్టారు:
గుండె లస్కరమ్మా.
నెత్తురు ఒక్కటే కాలవ.
ఒళ్ళు కాగితే చర్మం ముందొచ్చి కూర్చుంటుంది,
నాకు వదులు, వేడి బయటికి పంపాలి అని.
దానికిస్తే కాళ్ళు ఎండుతాయి.
ఇవ్వకపోతే కొంప అంటుకుంటుంది.
నీ కాళ్ళు శివారు భూములు.
వాటి తప్పేం లేదు.

మరి చెమట పట్టింది కదండీ, ధారగా?
"చెమట కారితే చల్లబడవు, ఆరితే చల్లబడతావు.
సముద్రం పక్క గాలి మనది.
దానికి దాహం లేదు, ముందే తాగేసుంది."

ఆ మర్నాటి నుంచి పద్నాలుగు రోజులు
మిట్టమధ్యాహ్నం మెల్లగా,
ముసలమ్మలు కూడా నవ్వేంత మెల్లగా పరిగెత్తాను.
మొదట్లో, ఆరేసిన బనీను మీద
ఉప్పుమడిలా తెల్లగీత మిగిలేది.
పన్నెండోనాటికి గీత పలచబడింది.
ఒళ్ళు ఉప్పు దాచుకోవడం నేర్చుకుంది,
చెమట తొందరగా తియ్యడం నేర్చుకుంది,
నాకు చెప్పకుండానే.

చేపల ఐసు తాగకూడదు.
కానీ పట్టుకోవచ్చు.
పరుగుకి ముందు రెండు గుప్పెళ్ళు
అరచేతుల్లో కరగనిస్తాను.
వేళ్ళు చచ్చుబడతాయి,
లోపలెక్కడో కొంచెం జాగా ఖాళీ అవుతుంది.

ఈవేళ ఎనిమిదో కిలోమీటరు.
మెడ వెనక మళ్ళీ ఆ పాత చలి, సూదిమొనంత.
పళ్ళు బిగించి పోయేదాన్ని ఇదివరకైతే.
వేగం తగ్గించాను.
ఓడినట్టే ఉంది, అబద్ధం ఎందుకు,
ఛాతీలో రోషం కుతకుతలాడింది.
వంతు మారేదాకా ఓపిక పట్టండని
కాళ్ళకి చెప్పుకున్నాను.

బోదె దగ్గర పార తలకింద పెట్టుకుని
ఒక రైతు పడుకునున్నాడు.
నా అడుగుల చప్పుడుకి సగం లేచాడు.
"నీళ్ళొదిలారా అమ్మాయ్?"
నాకేం తెలుసు?
"వస్తన్నాయండీ" అన్నాను,
ఆగకుండా.