పీల్చే చిల్లి

కారేడు గుంటల్లో రాత్రి పట్టిన రొయ్య,
అరవై ట్రేలు, మీద ఐసు,
ఐసు మీద తడి గోతాలు.
తెట్టు బ్రిడ్జి సగం ఎక్కినాక
బండికి ఊపిరాడలా.
కాలు తొక్కితే తొక్కినట్టే ఉండాది,
మూడో గేరు, రెండో గేరు,
వెనక లారీవాడి తిట్లు.

కాలేషా షెడ్డుకు తోసుకొచ్చేసరికి మూడున్నర.
లుంగీ ఎగ్గట్టుకుంటా వచ్చి
"ముందు ఎవురు చూశారు?" అన్నాడు.
కావలిలో ఒకాయన ఇంజెక్టర్లు విప్పాడు.
సింగరాయకొండలో ఇంకొకాయన
పంపు పోయింది, నలభై వేలన్నాడు.
మూడు నెలల్లో నాలుగు ఫిల్టర్లు మార్చాం.
మా ఓనరు చెంచురామయ్య మాత్రం
బండిని ఒక్కనాడూ అనుమానించలా.
"డీజిలు ఏడికి పోతా ఉండాది రా మాల్యాద్రీ" అంటాడు
నా జేబు వైపు చూస్తా.

గేజీ బిగించి తాళం తిప్పమన్నాడు.
జొరమొచ్చిన పిల్లోడు బడికి లేచినట్టు
ముల్లు కొంచెం లేచి
మళ్లీ పడుకుంది.
"ప్రెజరు లేదు.
లేదంటే పంపు చచ్చిందని కాదబ్బయా.
అన్నం వొండలేదంటే
పొయ్యి చెడిందనా, బియ్యం రాలేదనా?"

నీళ్ల సీసాలో డీజిలు పోసి
గొట్టం దూర్చి పంపుకే తగిలించి
ఎత్తి పట్టుకోమన్నాడు.
సెలైను పట్టుకున్న కాంపౌండరు మాదిరి నిలబడ్డా.
ఒక్క తిప్పుకే అందుకుంది!
ముల్లు నిటారుగా.
నలభై వేల పంపు
ఇరవై రూపాయల సీసాని సాక్ష్యం పెట్టుకుని
నేను కాదు దొంగని అని చెప్పుకుంది.
డీజిలు మోచేతి మీదుగా చంకలోకి కారతా ఉన్నా
సీసా దించబుద్ధి కాలా నాకు.

తర్వాత ట్యాంకు నుంచి వచ్చే దారిలో
జానెడు గాజులాంటి గొట్టం అతికి
టార్చి కొట్టాడు.
పసుప్పచ్చటి డీజిల్లో
ఆవగింజలంత బుడగలు,
తొందరేం లేనట్టు ఒకటెనక ఒకటి.

"గాలి."
వొంగి కింద చూశా. నేల పొడి పొడిగా ఉండాది.
"కారడం లేదే బాయ్?"
"ఇది కారే చిల్లి కాదు. పీల్చే చిల్లి.
సోడా తాగే పుల్లకి చీలికుంటే
చొక్కా తడుస్తదా?
నోట్లోకి రాదు, అంతే.
ట్యాంకు నిండా ఉన్నప్పుడు ఎప్పుడన్నా ఆగిందా?"

నిండా ఉన్నదెప్పుడు?
చెంచురామయ్య డీజిలు
పోనూ రానూ లెక్కగట్టి పోయిస్తాడు.
ఎలక్షన్లప్పుడు ఎవురో పుణ్యాత్ముడు
మూత దాకా కొట్టిస్తే మటుకు
అయిదు రోజులు గుర్రం.

అట్టా అన్నానో లేదో
గోతాం పరుచుకుని బండి కిందికి దూరాడు.
ఇనప గొట్టం వెంట వేలు నడిపిస్తా నడిపిస్తా
మూడో క్లిప్పు కాడ ఆగాడు.
పైన బల్లలో సందు.
కరిగిన ఐసు, రొయ్య వొదిలిన ఉప్పునీళ్లు,
రోజూ అదే చోట, మూడేళ్లు.
గోటితో గీకితే తుప్పు పెచ్చు లేచింది,
కింద సూది మొన పట్టేంత.

మేం మోసే సరుకే మమ్మల్ని తిన్నది.

ఆ ముక్క కోసి రబ్బరు గొట్టం, రెండు క్లాంపులు.
నూట ఎనభై రూపాయలు.
నా ఫోన్ లాక్కుని కాలేషానే మాట్లాడాడు ఓనరుతో.
"మీ డ్రైవరేం తాగలా సార్. బండే గాలి తాగింది."
అవతల కాసేపు ఏం లేదు.
తర్వాత,
"రొయ్య ఎట్టుండాది?"

గాజు గొట్టం తీసెయ్యనా అంటే
ఉండనీ అన్నా.

ముసునూరు టోలుగేటు దాటినాక
పక్కకు ఆపి, బానెట్టు ఎత్తి, టార్చి కొట్టి చూశా.
ఒక్క బుడగ లేదు.
పోయిన ఎండాకాలం ఉలవపాడు కాడ
నేను అమ్ముకున్న అయిదు లీటర్లు
అందులో కనపడవు గదా అని
ఇంకోసారి చూశా.