రిమార్కుల గడి

నక్కలగుట్టల బ్యాంకు, మూడో అంతస్తు.
కిటికీ లేని గది. ఏసీ మాత్రం
ఏడాదంత పుష్యమాసమే పట్టుకొని కూసుంటది.
మెడల ఎర్ర తాడు, దానికి నా ఫోటో,
ఫోటో కింద "ఇంటర్న్" అని
నా పేరు కంటె పెద్దక్షరాలల్ల.

మొదటి రోజు తస్నీమ్ మేడం చెప్పింది:
"మనం పైసలు లెక్కవెట్టం.
పైసల నడక చూస్తం.
కుంటుతున్నయా, ఉరుకుతున్నయా,
ఎనకనుంచి ఎవరన్న తరుముతున్నరా."

రోజుకు నలభై అలర్టులు.
ముంబైల ఏదో యంత్రానికి అనుమానం వస్తది,
ఇక్కడ నాకు మెడ నొప్పి వస్తది.
ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక ఖాతా,
వారంల ఆరుసార్లు నలభైతొమ్మిదిన్నర వేలు జమ.
యంత్రానికేం తెలుసు
మాఘమాసంల మిర్చి బస్తాలు గేటు దాటి రోడ్డెక్కుతయని,
ఆ నోట్లు ముట్టుకున్న క్యాషియరు
తుమ్ముకుంట తుమ్ముకుంట ముద్ర కొడ్తడని.
రిమార్కుల గడిల రెండువందల యాభై అక్షరాలే పడ్తయి.
"సీజన్ వ్యాపారం. అనుమానం లేదు"
అని రాసి మూసిన.

మేడం మళ్ల తెరిచింది.
"సీజన్ సరే.
పాన్ కార్డు అడిగే గీతకు
ప్రతిసారి అయిదొందల కిందనే ఎందుకు ఆగుతున్నడు?"
నా దగ్గర మిర్చి ఘాటు ఉన్నది గని
జవాబు లేదు.

మూడో వారం, బేస్తవారం, అన్నం డబ్బ తెరిచే ముందట,
ఒక సేవింగ్స్ ఖాతా వచ్చింది తెర మీదికి.
స్కాలర్‌షిప్ పడ్డనాడు కండ్లు తెరిచి
మళ్ల పండుకునే ఖాతా.
ఒక్క రాత్రి పన్నెండు ఊర్లకెళ్లి నాలుగు లక్షలు.
కోడి కూయకముందే
పేరు వినని ఊర్ల ఏటీఎంలు తాగేసినయి.
వృత్తి: విద్యార్థి.
కేవైసీ ఫోటో నొక్కిన.

మొగిలి.
తాత పేరు పెట్టిండ్రని క్లాసంత నవ్వితే
"పువ్వు పేరురా అది,
వాసనకు పాములు గూడ వస్తయ్" అన్న మొగిలి.
ఫోటోల వాని ఒంటి మీది తెల్లంగి నాది.
ఖాతా తెరిచే పొద్దు అడిగి తీస్కపోయిండు.
కాలర్ మీద, ఎడమదిక్కు, సిరా మరక గూడ కనవడ్తున్నది.

"వీడు నాకు తెలుసు మేడం" అన్న.
ఆమె ఏమనలేదు, ఆ ఫైలు తన తెర మీదికి గుంజుకున్నది.
తర్వాత, నా దిక్కు చూడకుంట:
"బయట ఒక్క మాట అననీకి లేదు.
ముందే ఎరుక చేసుడు గూడ తప్పే.
కాయితం మీద సంతకం పెట్టినవ్, యాదున్నదా?"
పెట్టిన. మొదటి రోజే.
చదవకుంట.

పొద్దుమూకి కేయూ క్రాస్‌రోడ్ కాడ చాయ్.
ఎన్నడు లేనిది, పైసలు వాడే ఇచ్చిండు.
కాళ్లకు కొత్త చెప్పులు.
"ఎవరో అన్న ఖాతా కిరాయికి అడిగిండురా.
ఊకనే పడున్నదే గద. అయిదు వేలిచ్చిండు.
నీక్కూడ చెప్పాల్నా?"

నేను చెప్పాల్సింది ఒక్క వాక్యం.
చాయ్ మీద మీగడ కట్టింది.
ఊదిన. పక్కకు జరిగింది.
మళ్ల వచ్చి కప్పుకున్నది.
"ఏందిరా, బ్యాంకుల నోరు గూడ జమ చేసుకున్నరా?"
అని నవ్విండు.
నేను గూడ నవ్విన.

తెల్లారి, గదిల ఫోన్లు బందు గనుక
లాకర్ల పెట్టిన ఫోను సాయంత్రం తీసిన.
మొగిలి. మొగిలి. మొగిలి.
పదకొండు గంటల ఏడు నిమిషాల కాంచి
నిమిషానికొకటి, పద్నాలుగు సార్లు.
యంత్రం చూస్తే
ఈ వరుసకు గూడ ఎర్రజెండా ఎత్తేది.

మెట్ల మీద కూసొని వెనక్కి కొట్టిన.
"చెప్పురా" అన్న.
చెప్పిండు, ఎక్కిళ్ల నడుమ, మొదటికెళ్లి.
కొత్తగ వింటున్నట్టు విన్న.