అర చుట్టు

దేవరకొండ రోడ్డు మూలమీద ఫౌంటెన్.
పొద్దుగూకంగ ఆరింటికి స్విచ్చేస్త.
తొట్టిల నీళ్లే పంపులకు పోయి
ఎగిరి, పడి, మళ్ల పంపులకే.
చూసెటోళ్లకు కొత్త నీళ్లు.
నేను శనివారం నింపినయే అవి.

నోరు ఎంత సన్నగుంటె
అంత ఎత్తు దుంకుతది నీరు.
ఆ నోటికే తెల్లగ పొక్కు కడతది,
బోరునీళ్ల ఉప్పు.
సైకిలు పుల్లతోని గీకుత, రాలుతది.
మా అన్న జానయ్య మోకాళ్లల్ల పేరుకున్నది గూడ
ఈ నీళ్లదే.
దానికి ఏ పుల్ల?

పక్కన తాగే నల్లా, కృష్ణ నీళ్లది.
బొత్తాం నొక్కితె జానెడు వంపు తిరిగి లేస్తది ధార.
వంగి తాగాలె.
బడిపిల్లలు వంగుతరు,
పుక్కిలించి ఒకని మీద ఒకడు ఊసి ఉరుకుతరు.

బుచ్చవ్వ వచ్చింది.
మెడ వంగదు, నడుము వంగదు.
బొత్తాం నొక్కి, ధారను జరసేపు చూసి
తడిచెయ్యి కొంగుకు తుడుచుకొని కదిలింది.

"ఆగు అవ్వా."
మూత తీసి వాల్వు అర చుట్టు తిప్పిన.
లేచింది.
ఇంకో పావు.
గదవ దాక.
పెదవి.

రేపు సూపర్‌వైజరు అడుగుతడు
గట్టంత ఎందుకు తడిసిందని.