తనంతట తాను

జగదీశ్ మార్కెట్‌లో నా బల్ల మూడడుగులు.
ఒక దీపం, ఒక పట్టకారు, ఒక బ్రష్షు,
ఎవరూ వెనక్కి వచ్చి అడగని నాలుగు ఫోన్లు.

మాణెమ్మ వచ్చేసరికి పన్నెండు దాటింది.
నారింజ జాకెట్ మీద ఇంకా గోషామహల్ దుమ్ము.
"మూడు దినాలాయె, అలారం కొడ్తలేదు.
ఐదింటికి పోయి మొఖం సూపియ్యకుంటే
ఆ దినం పోయినట్టే."

నొక్కి చూశాను. బాగానే మోగింది.
మరి రాత్రి ఏమవుతోంది?
బ్యాటరీ ఉబ్బింది. ఏ రెండింటికో
ఫోను ఒకసారి చచ్చి మళ్లీ పుడుతోంది.
ఫోను లేస్తోంది,
అలారం లేవడం లేదు.

సెట్టింగుల్లోకి దిగాను.
ఒక అర, అందులో ఇంకో అర,
దొంగకు కూడా విసుగు పుట్టేలా కట్టారు.
అట్టడుగున ఆ జాబితా:
ఫోను కళ్లు తెరవగానే
పిలవకుండా లేచి కూర్చునే హక్కు
ఎవరెవరికి ఉందో.

రమ్మీకి ఉంది.
అప్పులిచ్చే యాప్‌కి ఉంది, ఒకటి కాదు రెండు.
ఒక్కనాడూ వెలిగించని టార్చిలైటుకి ఉంది.
అలారానికి లేదు.

"ఫోను మా అల్లునిది," అంది, నేను అడగకముందే.
"రమ్మీ ఆయనది."
అప్పు ఎవరిదో చెప్పలేదు.

బొత్తాన్ని పక్కకు జరిపాను,
బూడిదరంగు పోయి నీలం వచ్చింది.
అంతే. దీనికి డబ్బులడగాలంటే సిగ్గేసింది.

కానీ ఆర్పి చూడందే నమ్మకూడదు.
రెండు నిమిషాలకు అలారం పెట్టి
ఆర్పేసి, మళ్లీ వెలిగించాను.
నల్లటి అద్దంలో నా గడ్డం, ఆమె ముక్కుపుడక,
పైన తిరుగుతున్న ఫ్యాను.

"ఇరవై రెండేండ్లు," అంది ఆ నల్లదనంతో,
"ఏ గంటా లేకుండనే లేసిన.
మా గల్లీల కోళ్లను నేనే లేపుతుంటి.
ఈ నడుమనే పెయ్యి మాట ఇంటలేదు."
చార్జరు చూద్దామని కూడా నేను తల తిప్పలేదు.

ముందు అప్పు మోగింది.
ప్రియమైన కస్టమర్, మీ వాయిదా రేపే.
ఆ తర్వాత అలారం,
పక్క బల్ల ఫసీ చేతిలోంచి స్క్రూ జారేంత గట్టిగా.
స్టూలు మీదున్న మాణెమ్మ
దిగ్గున లేచి నిలబడింది,
చెయ్యి దానంతటదే కొప్పు మీదికి పోయింది.
పట్టపగలని గుర్తొచ్చి
తనే నవ్వింది, అందరికంటే ముందు.

"అప్పులవి తీసేయనా?"
"ఉండనీ బిడ్డా.
ఫోన్ల లేకుంటే ఇంటికే వస్తరు."

బ్యాటరీ మార్చాలని చెప్పాను.
జీతం పడ్డంక అంది.
ఇరవై రూపాయలు బల్ల మీద పెట్టి,
అవి నేను వెనక్కి నెట్టేలోపే
జనంలో నారింజ చుక్కయిపోయింది.

మర్నాడు కార్వాన్‌లో, మా ఇంట్లో,
నాలుగున్నరకు ఉత్తినే మెలకువ వచ్చింది.
ఏదీ మోగలేదు.
ఎక్కడో మోగే ఉంటుందిలే అనుకుని
అటు తిరిగి పడుకున్నాను.