ఎడమ చెవి

గొలుసు మీద నూనె జున్నులా గడ్డకట్టింది.
టైర్లలో సగం గాలి తీసేశాను,
మంచు మీద పిల్లి అడుగుల్లా పడాలని.
నాలుగు రోజులుగా ఈ ఫిన్మార్క్ పీఠభూమి మీద
ఏ బర్చ్ చెట్టూ నా నడుము దాటలేదు.

ఐదో పొద్దున, పొద్దంటే ఆ కాస్త నీలం,
స్నోమొబైల్ ఆపి రిస్తెన్ అడిగింది:
"ఏం తప్పిపోయింది?"
ఇక్కడ ఊరికే ఎవరూ తిరగరట.

"ఏమీ లేదు" అన్నాను.
ఆమెకు జాలేసినట్టుంది.
లోపలి జేబులోంచి ఎండు మాంసం ముక్క తీసిచ్చింది,
ఒంటి వెచ్చదనంతో సహా.
సరస్సుకు తూర్పుగా పొమ్మంది,
ఏరు బయటపడే చోట గడ్డ మాట తప్పుతుందని.

తనది రెండేళ్ళ ఆడ రెయిన్‌డీర్.
చేతి తొడుగు విప్పి
మంచులో వేలితో దాని ఎడమ చెవి గీసింది:
పైన రెండు గాట్లు, కొసన ఒకటి.
వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కిలోమీటర్లు లెక్కపెట్టలేదు.
దూరాన ఏ బూడిదరంగు కదిలినా
బ్రేకు పట్టేస్తున్నాను.
నిన్న ఒకటి బాగా దగ్గరికొచ్చింది.
గాట్లు కుడి చెవికి.
పాపం, దాని మీద కోపమొచ్చింది నాకు.

ఇప్పుడెవరైనా ఆపి అడిగితే
చెప్పగలను.