తాలు ఏరడం

మార్చి నెల.
యార్డులో రోజుకి లక్ష టిక్కీలు దిగుతుంటే
గుంటూరు గాలికి కూడా ఒక రేటు పలుకుతుంది.
పొద్దంతా కమీషన్ కొట్లో కాటా చీటీలు రాసి
రాత్రి పదకొండింటికి డాబా ఎక్కుతాను.
చొక్కాలో ఇంకా ఘాటు, ముక్కులో ఇంకా ఘాటు.

సంగడిగుంటలో ఆకాశం నల్లగా ఉండదు,
నీళ్ళెక్కువైన టీ రంగులో ఉంటుంది.
ఎదురింటి సాంబ్రాజ్యం గారి పోర్టికో లైటొకటి.
కాసేపు ఆర్పమని ఒకసారి అడిగాను.
"ఎవర్ని చూడ్డానికి?" అంది.
అప్పట్నుంచీ యూరియా గోతాలు కుట్టి తెర కట్టుకున్నాను.

చీటీ పాడి కొన్న టెలిస్కోపు.
భూమి ఎటు తిరిగితే దానికి ఎదురు తిరిగే మోటారు.
సప్తర్షుల్లో చివరివాడు మరీచి, ఆయన మోచేతి పక్కన
కంటికి ఏమీ లేని చోట
గురి పెట్టి కూచుంటాను.

రెండు నిమిషాలకొక ఫోటో.
రెండు కోట్ల చిల్లర ఏళ్ళ కిందట బయలుదేరిన లోడు,
బిల్టీ లేదు, డ్రైవరు లేడు,
దారిలో టీకి కూడా ఆగలేదు.
తీరా దిగేది చారెడు. చారెడు కూడా కాదు,
కాటా మీద పెడితే ముల్లు కదలదు.

ముప్ఫై ఏడో ఫోటోకి తుమ్మొచ్చింది,
చెయ్యి స్టాండుకి తగిలి
నక్షత్రాలన్నీ కామాలైపోయాయి.
అరవై ఒకటిలో విమానం ఒకటి అడ్డంగా కొట్టివేత గీత గీసింది.
డెబ్భై దాటాక కరెంటు పోయింది.

మోటారు ఆగింది. సాంబ్రాజ్యం గారి లైటూ ఆగింది.
ఇంత మంచి చీకటి మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో,
తీద్దామంటే కరెంటు లేదు!
వెల్లకిలా పడుకున్నాను.
ఎదురు డాబా మీదకి ఆవిడ విసనకర్రతో వచ్చింది,
రెండు సార్లు విసురుకుని, తలెత్తి,
తర్వాత విసురుకోవడం మర్చిపోయింది.
లైటు రాగానే ఇద్దరం
ఏదో దొంగతనం చేసినట్టు ఎవరి మెట్లు వాళ్ళం చూసుకున్నాం.

ఆదివారం కూచుని తాలు ఏరాను.
వణికినవి, గీతలు పడ్డవి, మబ్బు నాకినవి
నలభై మూడు పక్కన పడేశాను.
మిగతావి ఒకదాని మీద ఒకటి పేర్చుతూ పోతే
మధ్యాహ్నం మూడింటికి, అన్నం చల్లారిపోయాక,
పొడి లోంచి ఒక సుడి లేచింది.
రెండు చేతులు. చేతుల పొడుగునా ఎర్రటి చుక్కలు.
తేజా కాదు, బ్యాడిగీ కాదు.
ఎరుపులో ఇరవై రకాలు కంటితో చెప్పే నాకు
ఈ ఎరుపుకి రేటు కట్టడం రాలేదు.

సోమవారం కొట్లో
కాయలేరే మస్తాన్‌బీకి ఫోనులో చూపించాను.
ఎంత దూరమని అడగలేదు, ఎందుకని అడగలేదు.
కళ్ళు చికిలించి,
ఒక చెయ్యి చివర వేలాడే చిన్న గెలాక్సీ మీద
ఎర్రబడ్డ గోరు ఆనించి,
"దీనికి తొడిమ తీయలేదేం?" అంది.